నార పరిస్తే చాలదు... నీళ్లకు దారి చూపాలి!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కురవకుండా కాపాడుకోవడం ఆ రెండింటికంటే కష్టం. స్లాబు వేసుకున్న రైతులందరికీ ఈ సంగతి అనుభవమే. వాన కురిసినంతసేపు బయట ఆనందం, లోపల దిగులు. దూలం పక్కన తడి మరక కనిపిస్తే చాలు, దాని కింద ఉన్న విత్తనాల బస్తా ఎక్కడికి జరపాలా అని వెతుక్కుంటాం.

ఈ రాత రాస్తున్నవాడి ఇంట్లోనూ అదే జరిగింది. చేవెళ్ల వైపు మా ఊళ్లో పదిహేనేళ్ల కిందట వేసిన స్లాబు కురవడం మొదలుపెట్టింది. పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. 'ఫైబర్ మ్యాట్ వేసి పూత పూస్తాం, ఇక మీ జీవితంలో చుక్క కారదు' అన్నాడు. అడిగినంత ఇచ్చాం. ఆ ఏడాది బాగానే ఉంది. రెండో ఏడు శ్రావణంలో మళ్లీ కారింది. దాచుకున్న కంది విత్తనం బూజు పట్టింది. మూడు బస్తాల యూరియా రాయిలా గడ్డకట్టింది. ఆ మ్యాట్‌ను తిట్టని రోజు లేదు.

తప్పు మ్యాట్‌ది కాదని తెలిసింది మాత్రం పొలంలోనో, పరిశోధన కేంద్రంలోనో కాదు. హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో!

కిషన్‌బాగ్ డాబా మీద...

బహదూర్‌పురా పక్కన, మూసీకి దగ్గర్లో ఉంటుంది కిషన్‌బాగ్. ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. వ్యవసాయం కలిసిరాక పట్నం చేరిన మా చిన్నాయన కొడుకు అక్కడే అద్దెకుంటున్నాడు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచిన వానను పాతబస్తీవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటినుంచి ఎండాకాలం వచ్చిందంటే డాబాల మీద బాగుచేత పనులు జరుగుతూనే ఉంటాయి.

నేను వెళ్లిన రోజు వాళ్ల డాబా మీద అరవై ఏళ్లు దాటిన మేస్త్రీ ఒకాయన పనిచేస్తున్నాడు. పక్కనే తెల్లటి ఫైబర్ మ్యాట్ చుట్ట ఉంది. దాన్ని చూడగానే నా కడుపు మండింది. 'సాబ్, ఇది వేసి మేం మోసపోయినం' అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఒక బకెట్ నీళ్లు తెచ్చి డాబా మధ్యలో పోశాడు. 'చూడు అన్నా, నీళ్లు ఎటు పోతున్నయో' అన్నాడు. నీళ్లు తూము వైపు పోలేదు. ఒక మూలకు చేరి నిలబడ్డాయి. 'గుడ్డది ఏం తప్పు లేదు. నీళ్లు నిలబడే కాడ ఏం పరిచినా గంతే. ముందు నీళ్లకు తొవ్వ చూపాలె. తర్వాత పగులు మూయాలె. గుడ్డ అన్నిటికన్నా ఆఖరుకు' అని తేల్చేశాడు.

మడిలో నీరు నిలిస్తే ఎంత మంచి విత్తనం వేసినా మురిగిపోతుందని మనకు తెలుసు. ఇంటి కప్పు విషయంలో అదే మాట మరిచిపోయాం. అసలు ఈ నార చాపలు ఏం చేస్తాయి? ఏం చేయలేవు? కప్పుకు, కళ్లానికి, బండ్ల బాటకు ఏది పనికొస్తుంది? డబ్బు పెట్టే ముందే తెలుసుకోండి.

మట్టి గోడ చెప్పిన పాఠం

ఇది కొత్త విద్య అనుకోకండి. మన తాతలు మట్టి గోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి తొక్కేవారు. ఎందుకు? మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, పగుళ్లిస్తుంది. గడ్డిపోచ ఆ పగులుకు అడ్డంగా ఉండి రెండు వైపులా పట్టుకుంటుంది. వెంట్రుక మందాన మొదలైన పగులు వేలెడు మందం కాకుండా ఆపుతుంది.

సిమెంటు, తారు, రసాయన పూతలు అన్నిటికీ ఉన్న లోపం మట్టికి ఉన్నదే. పైనుంచి నొక్కితే ఓర్చుకుంటాయి. పక్కలకు లాగితే తట్టుకోలేవు. పగలు ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. ఏడాదికి 365 రోజులూ ఈ లాగుడే. పైన ఉన్న పూత ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆ లాగుడును తన మీద వేసుకోవడమే నార పని.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నార నీటిని ఆపదు. నీటిని ఆపేది పూత. ఆ పూత తెగకుండా పట్టుకునేది నార. పూత లేని నార జల్లెడతో సమానం. నార లేని పూత ఆరిన చెరువు మట్టితో సమానం. రెండూ కలిస్తేనే ఫలితం.

నారల్లో రకాలు

గాజు నార: గాజును కరిగించి వెంట్రుక కంటే సన్నగా తీసిన పోగులివి. అమెరికాలో 1930ల్లో దీన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలైంది. తుప్పు పట్టదు, చెద తినదు, కుళ్లదు. తెల్లటి చాపగానో, గళ్ల జాలీగానో దొరుకుతుంది. కప్పు పూతల్లో ఎక్కువగా వాడేది ఇదే.

అయితే ఒక చిక్కుంది. సిమెంటుకు చౌడు గుణం ఉంటుంది. చౌడు నేల పైరును తిన్నట్టే, తడి సిమెంటు మామూలు గాజు నారను కొన్నేళ్లలో తినేస్తుంది. సిమెంటు మాలులో పరిచేటట్టయితే చౌడును తట్టుకునే రకం గాజు నారనో, పైన ప్లాస్టిక్ పూత ఉన్న జాలీనో అడిగి తీసుకోవాలి. దుకాణంలో 'ఆల్కలీ రెసిస్టెంట్' అని అడగండి.

జనపనార, గోగునార: గోనె గుడ్డకు తారు పట్టించి చేసిన తారు ఫెల్టు మన దేశంలో ఎన్నో ఏళ్లుగా కప్పుల మీద వాడుతున్నారు. దీనికి ఐఎస్ 1322 అనే ప్రమాణం ఉంది. నారను తారు పూర్తిగా కప్పి ఉన్నంతకాలం పర్వాలేదు. తారు లేచిపోయి తడి తగిలితే మాత్రం కుళ్లుతుంది.

కొబ్బరి పీచు: నారల్లో మొండిది. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఇందులో 40 శాతం పైనే ఉంటుంది కాబట్టి తడిలో జనపనార కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంటి కప్పుకు కాదుగానీ, మట్టి కట్టలకు, బాటలకు బాగా పనికొస్తుంది.

ప్లాస్టిక్ నార: పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ పోగులు. కాంక్రీటులో కలపడానికి చిన్న ముక్కలుగా, పరచడానికి బట్టగా దొరుకుతాయి. కుళ్లవు. కానీ ఎండ తగలకూడదు. ఖాళీ యూరియా సంచులు విప్పి తారులో అంటించేవాళ్లు ఉన్నారు. ఎండ తగిలితే ఆ సంచి దారాలు పొడిపొడిగా రాలతాయి. సంచి మిగిలింది కదా అని ఆ పని చేయకండి.

సిమెంటు రేకులున్నవారు జాగ్రత్త: పాత సిమెంటు రేకుల్లో ఉండేదీ నారే. ఆస్‌బెస్టాస్ అనే రాతి నార. రేకు పగలకుండా ఉండడానికే దాన్ని కలిపారు. కానీ ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. అలాంటి రేకును కోయకండి, రంధ్రాలు వేయకండి, ఇనుప బ్రష్‌తో రుద్దకండి. విరిగిన ముక్కలను పొడిగా ఊడ్వకండి, తడిపి తీయండి. పాత రేకు మీద కాలు పెడితే విరిగి కిందపడే ప్రమాదమూ ఉంది.

స్లాబు మీద పరిచే పద్ధతి

మేస్త్రీ చేసిన పని మూడు రోజులు దగ్గరుండి చూశాను. వరసగా చెబుతున్నాను.

1. అదును: రోహిణి కార్తె దాటకముందే పని ముగించాలి. తడి స్లాబు మీద పూత అంటదు. మిట్టమధ్యాహ్నం వద్దు. పూత పైపైన ఆరిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఉదయం పూట మొదలుపెట్టాలి.

2. వాలు: స్లాబు మీద నీళ్లు పోసి చూడాలి. తూము వైపు 10 అడుగులకు కనీసం అంగుళంపావు వాలు ఉండాలి. లేకపోతే సన్న మాలుతో వాలు తీసి, వారం రోజులు తడిపి, బాగా ఆరనివ్వాలి. తూము చిన్నదైతే పెద్దది చేయాలి. కిషన్‌బాగ్‌లో ఆ మేస్త్రీ ఒక రోజంతా దీనికే పెట్టాడు.

3. శుభ్రం: నాచు, పాత సున్నం, లేచిన పెచ్చులు గీకేయాలి. కడిగి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. దుమ్ము మీద వేసిన పూత దుమ్ముతోనే లేచి వస్తుంది.

4. పగుళ్లు: పగులు మీద అలాగే పూత పూయకూడదు. ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము తీసి, పాలిమర్ కలిపిన మాలు కూరాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో మాలుతో ఏటవాలుగా పట్టీ కట్టాలి. నీళ్లు ఎక్కువగా దిగేది ఈ మూలల్లోనూ, తూము చుట్టూ, నీళ్ల ట్యాంకు కాళ్ల దగ్గరా.

5. మొదటి పూత: కంపెనీ చెప్పిన పాళ్లలో పలుచగా కలిపి ఒక పట్టు పట్టించాలి. అది ఆరాక చిక్కటి పూత మొదలుపెట్టాలి.

6. చాప: చిక్కటి పూత పచ్చిగా ఉండగానే మ్యాట్ పరచాలి. బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. గాలి బుడగ, ముడత ఉండకూడదు. ఒక చాప అంచు మీదికి ఇంకోటి కనీసం 4 అంగుళాలు ఎక్కాలి. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. చాలామంది గోడ దగ్గరే ఆపేస్తారు. మా ఇంట్లో జరిగిందీ ఇదే!

7. పై పూతలు: చాప కింది పూత ఆరాక, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూయాలి. నార పోగు ఒక్కటి కూడా బయటికి కనిపించకూడదు. మనుషులు తిరిగే డాబా అయితే, వడియాలు, మిరపకాయలు ఎండబెట్టే అలవాటుంటే పైన సన్న మాలు పొర కానీ, పెంకులు కానీ వేసుకోవాలి.

8. పరీక్ష: పూర్తిగా ఆరాక తూములకు గుడ్డలు కుక్కి, అంగుళం లోతు నీరు కట్టి 48 గంటలు ఉంచాలి. కింద గదిలో చెమ్మ రాకపోతేనే మిగతా డబ్బు లెక్క చూడాలి. స్లాబు బాగా దెబ్బతిని ఉంటే మాత్రం ఈ పరీక్ష చేయకండి.

గాజు నార పోగులు ఒంటికి తగిలితే విపరీతమైన దురద. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. కోసిన ముక్కలను పశువుల పాక దగ్గర పడేయకండి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. స్లాబు కింద పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుము కనిపిస్తుంటే, పైన ఎన్ని చాపలు పరిచినా ఉపయోగం లేదు. లోపల పుండు ఉంచి పైన కట్టు కట్టినట్టే. ముందు ఇంజనీరుకు చూపించండి. ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణాల సంగతి.

ఎంత కొనాలి?

దుకాణానికి వెళ్లే ముందే లెక్క వేసుకోండి. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు స్లాబు అనుకుందాం. అంటే 600 చదరపు అడుగులు. చుట్టుకొలత 100 అడుగులు. గోడ మీదికి అడుగు చొప్పున ఎక్కిస్తే ఇంకో 100. మొత్తం 700. అంచులు ఒకదానిమీదికి ఒకటి ఎక్కినందుకు పదోవంతు కలపండి. 770 చదరపు అడుగులు, అంటే సుమారు 72 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు, 50 మీటర్ల పొడవున్న చుట్టలైతే రెండు కావాలి. కొంత మిగులుతుంది. దాన్ని తూముల చుట్టూ, మూలల్లో రెండో పొరగా వేయించుకోండి. అసలు బలహీనమైన చోట్లు అవే.

పూత డబ్బా మీద ఒక లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. అది ఒక పట్టుకా, రెండు పట్లకా అన్నది చదవండి. మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. మూడు పట్లకు డబ్బు తీసుకుని, నీళ్లు కలిపి రెండు పట్లు వేసి వెళ్లిపోతారు. డబ్బాలు మీ ముందే మూత తీయించండి. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి.

కళ్లానికి నార

వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. రాత్రిపూట కుప్ప కనపడక, కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు తగిలి బండ్ల మీద వచ్చేవాళ్లు పడిపోతున్నారు. గింజల్లో మట్టి, గులకరాళ్లు చేరి ధర తగ్గుతోంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి చిన్న కళ్లం వేసుకుంటే ఆ బాధ తప్పుతుంది.

20 అడుగుల చదరపు కళ్లం 4 అంగుళాల మందంలో వేస్తే సుమారు 133 ఘనపు అడుగుల కాంక్రీటు పడుతుంది. 1:1.5:3 పాళ్లకు దాదాపు 30 బస్తాల సిమెంటు కావాలి. ఇందులో పాలిప్రొపిలీన్ నార ముక్కలు బస్తాకు 125 గ్రాముల చొప్పున కలుపుతారు. అంటే మొత్తం నాలుగు కిలోల లోపే. కొత్త కాంక్రీటు ఎండకు, గాలికి ఆరేటప్పుడు వచ్చే సన్న పగుళ్లను ఇది బాగా తగ్గిస్తుంది. ముద్దగా పడేయకుండా కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. నార కలిపాక మాలు గట్టిగా అనిపిస్తుంది. అలాగని కూలీలు నీళ్లు పోస్తారు. పోయనివ్వకండి. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుంది.

నార వేశాం కదా అని మూడు పనులు మానకూడదు. ఒకటి, కింద నల్లరేగడి ఉంటే తవ్వి తీసి మొరం వేసి దిమ్మిస కొట్టాలి. రెండు, కళ్లాన్ని 10 అడుగుల గళ్లుగా విడదీసి పోయాలి. గట్టు తీయకుండా ఎకరం అంతా ఒకే మడి చేస్తే నీరు సర్దుకోదు చూడండి, కాంక్రీటూ అంతే. ఒకే పలకగా పోస్తే తనకు నచ్చినచోట పగులుతుంది. మూడు, కనీసం పది రోజులు గోనెపట్టాలు కప్పి తడపాలి.

ట్రాక్టరు ఎక్కే కళ్లమైతే సన్న నార ముక్కలు చాలవు. మందం పెంచి, ఇనుప జాలీ వేయాలి. జాలీని నేల మీద పడేసి పైన కాంక్రీటు పోస్తారు కొందరు. అది దండగ. పగులు మొదలయ్యేది పైనుంచి. జాలీని కింద దిమ్మల మీద నిలబెట్టి, మందంలో సగానికి కాస్త పైన ఉండేలా చూసుకోవాలి.

బాటకు భూవస్త్రం

వానాకాలం నల్లరేగడి బాటలో బండి దిగబడితే మనం ఏం చేస్తాం? కంపో, తాటి కమ్మలో, గోనె సంచులో చక్రం కింద వేస్తాం. చక్రం బురదలో కూరుకుపోకుండా బరువు పక్కలకు పంచుకుంటుందని. పెద్ద ఇంజనీర్లు చేసేదీ అదే. మెత్తటి నేల మీద నార చాప పరిచి, దానిమీద మొరం, కంకర వేస్తారు. చాప లేకపోతే కంకర బురదలోకి దిగుతుంది, బురద కంకరలోకి లేస్తుంది. ఏటా ఎన్ని ట్రాక్టర్ల మొరం పోసినా బాట మింగేస్తుంది. చాప ఆ రెండింటినీ కలవనివ్వదు. నీటిని మాత్రం పోనిస్తుంది.

ఈ ప్రయత్నం పత్తితోనే మొదలైందంటే ఆశ్చర్యపోతారు. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్ర రహదారుల శాఖ 1926లో మట్టి బాట మీద మందపాటి నూలు బట్ట పరిచి, తారు పోసి, ఇసుక చల్లి చూసింది. ఆ ఫలితాలు 1935లో బయటికొచ్చాయి. బట్ట చివికిపోయేదాకా బాట బాగానే ఉందని, పగుళ్లు, గుంతలు తగ్గాయని తేలింది.

మన దగ్గరా జరిగింది. 1990ల్లో కాకినాడ ఓడరేవు ప్రాంతంలో మెత్తటి సముద్రపు బంకమన్ను మీద బాట వేయడానికి జనపనార బట్ట పరిచారు. జనపనార కుళ్లిపోతుంది కదా, మరి బాట సంగతేంటి అని మీకు అనుమానం రావచ్చు. స్లాబు పోసేటప్పుడు సెంట్రింగు ఎందుకు పెడతాం? కాంక్రీటు గట్టిపడేదాకే కదా. ఇక్కడా అంతే. నార ఉన్నంతకాలం కింది మట్టిలోని నీరు బయటికి పోతుంది, మట్టి బరువుకు అణిగి గట్టిపడుతుంది. నార చివికే సమయానికి నేల తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

కొబ్బరి పీచు చాపకు 'కాయర్ భూవస్త్ర' అని మన ప్రమాణాల సంస్థ చక్కటి పేరు పెట్టింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల పల్లె రోడ్లకు ఈ చాప వాడాలని 2020లో కేంద్రం నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121 కిలోమీటర్లు కేటాయించారు. మొత్తం చాపల ఖర్చు సుమారు 70 కోట్ల రూపాయలని అంచనా వేశారు.

పొలం బాటకు మీరు వేయించుకోవాలంటే పద్ధతి ఇది. పైమట్టి తీసేయాలి. బాట మధ్య ఎత్తుగా, పక్కలు పల్లంగా చదును చేయాలి. రెండు పక్కలా కాల్వ తీయాలి. చాపను ముడత లేకుండా పరిచి, అంచులు అరడుగు నుంచి అడుగు దాకా ఒకదానిమీద ఒకటి ఎక్కించి మేకులు దిగ్గొట్టాలి. దానిమీద అరడుగుకు తగ్గకుండా మొరం పోసి రోలరు తిప్పాలి. మొరం పడకముందు ట్రాక్టరు చాప మీద ఎక్కకూడదు. కాల్వ తీయకుండా చాప పరిస్తే, తూము లేని స్లాబు మీద మ్యాట్ వేసినట్టే!

మన పంటకు గిరాకీ

ఈ కథలో రైతు కొనేవాడు మాత్రమే కాదు, అమ్మేవాడు కూడా. కోనసీమలో కొబ్బరి డొక్కలను ఒకప్పుడు కుప్పలుగా పడేసి పొయ్యిలో పెట్టేవారు. వెయ్యి డొక్కలకు సుమారు 80 కిలోల పీచు వస్తుంది. మిగిలిన పొట్టు నర్సరీలకు పనికొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు వేసే రైతు నార ఊరబెట్టే నీళ్లు లేక, కూలి గిట్టక తగ్గించేశాడు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు రకాల మీద పనిచేస్తోంది. గోనె సంచుల మీదే ఆధారపడిన నారకు బాటల రూపంలో ఇంకో గిరాకీ ఉంటే రైతుకు మేలే.

ఇందులో మీరు చేయగలిగిందీ ఉంది. మీ ఊరికి కొత్త రోడ్డు మంజూరైతే గ్రామసభలో లేచి అడగండి. 'కింద నేల నల్లరేగడి. నార చాప అంచనాల్లో ఉందా? పక్క కాల్వలు ఉన్నాయా?' అని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసి ఇమ్మనండి. అడిగిన ఊళ్లోనే పని సరిగ్గా జరుగుతుంది.

పని ఒప్పుకునే ముందు...

ఇంటి కప్పుకు వచ్చేవారిని ఈ మాటలు అడగండి. వాలు ఎవరు సరిచేస్తారు? పగుళ్లు వెడల్పు చేసి పూడుస్తారా? మ్యాట్ పిట్టగోడ మీదికి ఎంత ఎక్కిస్తారు? ఎన్ని పట్లు పూస్తారు? నీళ్లు కట్టి చూపిస్తారా? జవాబులు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. 'జీవితాంతం గ్యారంటీ' అన్నవాడి కంటే, 'ముందు నీళ్లు పోసి చూద్దాం' అన్నవాడిని నమ్మండి.

కిషన్‌బాగ్ నుంచి తిరిగొచ్చాక మా స్లాబు మీదా బిందెడు నీళ్లు పోసి చూశాను. నీళ్లు తూముకు కాకుండా ఈశాన్యం మూలకు పోయాయి. సరిగ్గా కంది బస్తాలు తడిసిన గది మీదికి! పాత పూత గీకించి, వాలు తీయించి, తూము పెద్దది చేయించి, మ్యాట్ గోడ మీదికి ఎక్కించాం. ఈసారి వాడింది కూడా అలాంటి గాజు నార మ్యాటే. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. కింద గదిలో విత్తనాలు పొడిగా ఉన్నాయి.

మీరు కూడా రోహిణి కార్తె దాటకముందే ఒక పూట తీరిక చేసుకోండి. నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఒక బిందె నీళ్లు పోసి, అవి ఎటు పోతున్నాయో చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఏ చాప కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ నీళ్లే చెబుతాయి.